కిల్ట్‌తో పాటు ఏమేం వేసుకోవాలి, ఎందుకు వేసుకోవాలి

అందరికీ నమస్కారం. ఇంత చలిలో పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చారు, చాలా సంతోషం.

నన్ను ఎందుకు పిలిచారో మీలో చాలామందికి తెలుసు. స్కాట్లాండ్‌లో స్థిరపడిన మన కుటుంబాల్లో పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు. వాళ్ల స్నేహితుల పెళ్లిళ్లకు పిలుపులు వస్తున్నాయి. యూనివర్సిటీలో పట్టా తీసుకునే రోజుకు, జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ జ్ఞాపకంగా జరిగే బర్న్స్ నైట్ విందుకు, డిసెంబర్ 31 రాత్రికి కిల్ట్, అంటే ఇక్కడి మగవాళ్లు నడుం నుంచి మోకాళ్ల దాకా వేసుకునే కుచ్చిళ్ల గళ్ల దుస్తు, కట్టుకోవాలని కుర్రాళ్లకు ఉంటుంది. అద్దె షాపుకు వెళ్తే కిల్ట్‌తో పాటు ఒక పెద్ద బ్యాగు చేతికిస్తారు. ఇంటికొచ్చి విప్పితే అందులో బొచ్చు సంచి, గొలుసు, చిన్న కత్తి, రెండు రిబ్బన్లు, నాలుక లేని బూట్లు, వాటికి బారెడు లేసులు ఉంటాయి. పెళ్లికి బయల్దేరే ముందు అవన్నీ మంచం మీద పరిచి, ఏది ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టెన్షన్ పడతారు. ఫోన్లో వీడియోలు చూస్తే ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు.

నేను ఎడిన్‌బరాలో కిల్టులు కుట్టే వర్క్‌షాపులో పనిచేస్తాను. అక్కడ నాకు అర్థమైనది ముందే చెప్పేస్తాను. ఈ బల్ల మీద పెట్టినవాటిలో కేవలం సొగసు కోసం పుట్టినవి చాలా తక్కువ. దాదాపు ప్రతిదానికీ ఒకప్పుడు ఒక పని ఉండేది. ఆ పని ఏమిటో తెలిస్తే, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో, ఎప్పుడు వదిలేయాలో మనకే తోస్తుంది. రూల్సు బట్టీ పట్టే అవసరం ఉండదు.

పదిహేడో శతాబ్దంలో స్కాట్లాండ్ కొండ ప్రాంతమైన హైలాండ్స్ ఎలా ఉండేవో ఒక్కసారి ఊహించుకోండి. కొండలు, బురద నేలలు, ఆగకుండా కురిసే వాన. అప్పటి మగవాళ్లకు ఇప్పటిలా కుట్టిన కిల్ట్ లేదు. ఒకే ఒక పొడవాటి ఉన్ని గుడ్డ. దాన్ని నడుం దగ్గర కుచ్చిళ్లు పోసి, తోలు బెల్టుతో బిగించేవారు. కింది సగం మోకాళ్ల దాకా వేలాడేది. పై సగాన్ని వానొస్తే తల మీద కప్పుకునేవారు, పనిలో ఉంటే భుజం మీదికి తీసి గుచ్చుకునేవారు. రాత్రి బెల్టు విప్పితే అదే దుప్పటి. దాన్ని బెల్టెడ్ ప్లాడ్ అంటారు.

మిగతావన్నీ ఈ గుడ్డ వెంట వచ్చినవే. కుట్టు లేని గుడ్డ నడుం మీద నిలవాలి కాబట్టి బెల్టు. భుజం మీద నిలవాలి కాబట్టి బ్రూచ్ అనే పెద్ద పిన్ను. జేబు లేదు కాబట్టి సంచి. ఇంట్లోనైనా వేటలోనైనా భోజనం దగ్గరైనా ఏదో ఒకటి కోయాలి కాబట్టి కత్తి. ఇక వెండి సంగతి. డబ్బు దాచుకునే చోటు లేని ఊళ్లలో వెండి ఒంటి మీదే ఉండేది. స్కై దీవిలో పుట్టిన మార్టిన్ మార్టిన్ పదిహేడో శతాబ్దం చివర్లో పశ్చిమ దీవులన్నీ తిరిగి, ఆడవాళ్లు పెట్టుకునే బ్రూచ్‌లు భోజనం పళ్లెమంత వెడల్పున ఉండేవని, వాటిలో వంద మెర్కుల (అప్పటి స్కాట్లాండ్ నాణేల) ఖరీదు చేసే వెండివి తాను చూశానని రాశాడు. మగవాళ్ల కోటు మీద పెద్ద పెద్ద వెండి బొత్తాల గురించి ఇక్కడ ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. ఇంటికి దూరంగా ఎక్కడైనా ప్రాణం పోతే, ఆ బొత్తాలు అమ్మి అంత్యక్రియలు చేయమని వాటిని కుట్టించుకునేవారట. ఇప్పుడు రాత్రి విందులకు వేసే ప్రిన్స్ చార్లీ కోటు మీద వెండి రంగు బొత్తాలు చూసినప్పుడు నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

ఆ తర్వాత వచ్చింది 1746. ఆ ఏడాది ఏప్రిల్ 16న కల్లోడెన్ యుద్ధంలో జాకబైట్లు, అంటే పాత స్టూవర్ట్ రాజవంశం పక్షం వాళ్లు, ఓడిపోయారు. హైలాండర్ల వెన్ను విరవాలని బ్రిటిష్ పార్లమెంటు ఆ ఏడాదే చట్టం చేసింది. 1747 ఆగస్టు 1 నుంచి స్కాట్లాండ్‌లో మగవాళ్లు, మగపిల్లలు హైలాండ్ దుస్తులు వేస్తే నేరం. ప్లాడ్, చిన్న కిల్ట్, చివరికి భుజానికి వేసుకునే బెల్టులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు. రెండోసారి అయితే ఏడేళ్లు సముద్రాల అవతలికి పంపేయడం. రాజుగారి సైన్యంలో చేరినవాళ్లకు మాత్రం మినహాయింపు. 1782లో మార్క్విస్ ఆఫ్ గ్రేయమ్ చొరవతో ఆ చట్టం రద్దయ్యేదాకా 35 ఏళ్లు ఇదే పరిస్థితి.

ఇక్కడ మనకు సంబంధించిన సంగతి ఒకటి ఉంది. మన ఊళ్ల కైఫీయతులు, అంటే గ్రామ చరిత్రలు, రాయించిన కాలిన్ మెకంజీ పుట్టింది 1754లో, లూయిస్ దీవిలోని స్టోర్నవేలో. అంటే ఈ నిషేధం నడుస్తున్న రోజుల్లోనే పుట్టి పెరిగాడు. అది ఎత్తేసిన మరుసటి ఏడాది, 1783లో, ఈస్ట్ ఇండియా కంపెనీ మద్రాసు సైన్యంలో చేరాడు. తర్వాత కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో మన గ్రామాల జ్ఞాపకాలన్నీ కూడబెట్టాడు. అలాంటి మనిషి చిన్నతనంలో సొంత ఊళ్లోనే తాతల నాటి బట్ట కట్టుకోవడం నేరం. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. కిల్ట్‌ను ఫ్యాన్సీ డ్రెస్ అని ఎవరైనా అంటే నాకు కష్టంగా ఉండేది అందుకే.

35 ఏళ్లంటే ఒక తరం పెరిగి పెద్దదైపోతుంది. చట్టం పోయేసరికి చాలా ఊళ్లలో రోజువారీ అలవాటు కూడా పోయింది. తర్వాత ఈ దుస్తులు సైన్యం నుంచీ, ఊళ్లలోని పెద్దమనుషుల సభల నుంచీ తిరిగొచ్చాయి. 1778లోనే పుట్టిన హైలాండ్ సొసైటీ ఆఫ్ లండన్ చట్టం రద్దు కోసం పనిచేసింది. 1822 ఆగస్టులో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వచ్చాడు. ఏర్పాట్లన్నీ రచయిత వాల్టర్ స్కాట్ చేతుల మీదుగా జరిగాయి. రాజుగారు హోలీరూడ్ ప్యాలెస్ కొలువులో రాయల్ స్టూవర్ట్ అనే టార్టన్, అంటే రంగుల గళ్ల ఉన్ని బట్ట, వేసుకుని నిలబడ్డాడు. ఆయన హైలాండ్ దుస్తులకూ సామగ్రికీ అయిన బిల్లు 1,354 పౌన్ల 18 షిల్లింగులు! అందులో కత్తులు, పిస్తోళ్లు, బంగారు కుచ్చులు, రాళ్లు పొదిగిన బ్రూచ్‌లు అన్నీ ఉన్నాయి. ఒకప్పుడు పనిముట్లుగా ఉన్నవి ఆ రోజు నుంచి కొలువు సామగ్రి అయ్యాయి. 1852లో విక్టోరియా రాణి, ఆల్బర్ట్ బాల్మోరల్ ఎస్టేటు కొనుక్కున్నాక ఆ మోజు ఇంకా పెరిగింది. ఈనాటి ఫార్మల్ హైలాండ్ డ్రెస్ చాలావరకు ఈ రెండు ఘట్టాల నీడలోనే తయారైంది.

ఇక వస్తువుల దగ్గరికి వద్దాం. ముందు స్పోరన్.

మన తాతలు పంచె కట్టుకుని చిల్లర, పొడుం డబ్బీ రొంటిన దోపుకునేవారు గుర్తుందా? స్పోరన్ ఇక్కడివాళ్ల రొంటి. మొదట్లో అది లేడి తోలుతోనో దూడ తోలుతోనో చేసి, తాడు లాగి మూతి బిగించే సంచి. తర్వాత దాని మూతికి లోహపు పట్టీ వచ్చింది. దాన్ని కాంటిల్ అంటారు. ఎడిన్‌బరాలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ స్కాట్లాండ్‌కు ఎప్పుడు వెళ్లినా పద్దెనిమిదో శతాబ్దపు ఒక స్పోరన్ పట్టీని తప్పకుండా చూడండి. లోపల చిన్న పిస్తోళ్లు దాచి ఉంటాయి. తీసే పద్ధతి తెలియని దొంగ చెయ్యి పెడితే అంతే సంగతులు. డబ్బు సంచికి అంత కాపలా పెట్టారంటే, అందులో ఉన్నది వాళ్లకు ఎంత ముఖ్యమో చూడండి.

ఇప్పుడు దొరికే స్పోరన్లలో మూడు రకాలు మీకు తగులుతాయి. పగటి పూటకు మామూలు తోలుది. ముందు బొచ్చు ఉండి తోలు మూత ఉన్నది సెమీ డ్రెస్, ఎటైనా సరిపోతుంది. రాత్రి విందులకు, పెళ్లిళ్లకు డ్రెస్ స్పోరన్. దానికి ముందంతా బొచ్చు, పైన వెండి రంగు కాంటిల్, మూడు కుచ్చులు. ఈ కుచ్చులు నడుస్తుంటే ఊగుతూ చిన్న చప్పుడు చేస్తాయి, అది నాకు చాలా ఇష్టం. బ్యాగ్‌పైప్ ఊదే పైపర్ల దగ్గర చూసే పొడవాటి గుర్రపు వెంట్రుకలది సైన్యం నుంచి వచ్చిన రకం. బ్యాండులో లేనివాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది.

పాత డ్రెస్ స్పోరన్లు చాలావరకు సీలు అనే సముద్ర జంతువు తోలువి. 2009లో యూరోపియన్ యూనియన్ సీలు ఉత్పత్తుల వ్యాపారం మీద నిషేధం తెచ్చింది, 2010 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి ఆవు తోలు, కుందేలు బొచ్చు, కృత్రిమ బొచ్చు ఎక్కువయ్యాయి. ఎవరి తాతగారిదో పాత స్పోరన్ ఆన్‌లైన్లో అమ్మకానికి కనబడితే, అది ఏ జంతువుదో తెలుసుకోకుండా కొనకండి. ఇండియాకు తీసుకెళ్లాలనుకుంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తోలు, బొచ్చు ఇష్టం లేనివాళ్లు మనలో ఉంటారు. వాళ్లకు గుడ్డతో, కృత్రిమ తోలుతో చేసినవి దొరుకుతాయి. అడగడానికి మొహమాటపడకండి, మా దగ్గరికి వచ్చేవాళ్లు అడుగుతూనే ఉంటారు.

ఎక్కడ వేలాడాలి? బెల్టు బకిల్‌కో, వెయిస్ట్‌కోటు అంచుకో మూడు వేళ్ల కింద, సరిగ్గా మధ్యలో. ఎక్కువమంది దీన్ని మరీ కిందికి దించేస్తారు. అప్పుడు నడుస్తుంటే మోకాళ్లకు కొట్టుకుంటుంది. గొలుసు పట్టీని కిల్ట్ వెనకున్న లూపుల్లోంచి తీసి బిగించాలి. వెనక భాగం తోలుతో ఉండే పట్టీ తీసుకోండి. మొత్తం గొలుసే అయితే వెనక కుచ్చిళ్ల మీద రాసుకుని ఉన్ని అరిగిపోతుంది. అలా పాడైన మంచి కిల్టులు మా దగ్గరికి రిపేరుకు వస్తుంటాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. డాన్సుకు దిగినప్పుడు, కారు నడిపేటప్పుడు స్పోరన్‌ను పక్కకు, తుంటి మీదికి జరుపుకోండి. దాని నిండా ఫోను, తాళాలు, పవర్ బ్యాంకు కుక్కొద్దు. వానలో తడిస్తే హీటర్ మీద పెట్టకుండా నీడలో ఆరనివ్వండి.

తర్వాత స్కీన్ డూ. మేజోడు అంచులో పెట్టుకునే ఈ చిన్న కత్తి.

దీని గురించి ఇక్కడ ఒక కథ చెబుతారు. పాతకాలంలో మనిషి చంకలో కత్తి దాచుకునేవాడు. స్నేహితుడి ఇంటికి వెళ్తే దాన్ని తీసి అందరికీ కనబడేలా మేజోట్లో పెట్టుకునేవాడు. నీ ఇంట్లో నేను ఏదీ దాచలేదు అని చెప్పడానికి. దుస్తుల్లో భాగంగా ఇది బాగా కనిపించేది మాత్రం పంతొమ్మిదో శతాబ్దం మొదటి నుంచే. హెన్రీ రేబర్న్ 1812 ప్రాంతంలో గీసిన మెక్‌డొనెల్ ఆఫ్ గ్లెన్‌గారీ అనే హైలాండ్ పెద్ద చిత్రపటం ఎడిన్‌బరా నేషనల్ గ్యాలరీలో ఉంది. ఆయన మేజోడు దగ్గర చూడండి, కత్తి పిడి కనబడుతుంది. గ్లెన్‌గారీ టోపీకి పేరొచ్చింది కూడా ఆయన వల్లే.

పెట్టుకునేది కుడిచేతి వాటం అయితే కుడి కాలికి, ఎడమచేతి వాటం అయితే ఎడమ కాలికి, కొంచెం బయటి వైపుకు. పిడి పైభాగం మాత్రమే కనబడాలి. సగం కత్తి బయటికి వచ్చేలా పెట్టుకుంటే వంగినప్పుడు జారి కింద పడుతుంది. పిడి చివర పసుపు గోధుమ రంగు రాయి ఉంటే దాని పేరు కెయిర్న్‌గార్మ్. స్కాట్లాండ్‌లోని ఆ పేరున్న కొండల్లో దొరికే క్వార్ట్జ్ రాయి అది. విక్టోరియా కాలంలో దానికి విపరీతమైన గిరాకీ. బ్రేమార్ కోటలో 20 కిలోలు దాటిన కెయిర్న్‌గార్మ్ స్ఫటికం ఒకటి ఉంది. ఇప్పుడు షాపుల్లో కనబడేవాటిలో చాలావరకు గాజే. అద్దె సామానులో గాజు ఉండడం తప్పేం కాదు. కానీ అసలు రాయి అని చెప్పి ఎక్కువ డబ్బు అడిగితే మాత్రం కాగితం చూపించమనండి. వెండి విషయంలోనూ అంతే. ఎడిన్‌బరా హాల్‌మార్క్‌లో మూడు బురుజుల కోట గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఉంటే నమ్మొచ్చు.

చట్టం సంగతి మీరందరూ అడుగుతారని తెలుసు. స్కాట్లాండ్‌లో 1995 నాటి చట్టం, 49వ సెక్షన్ ప్రకారం బయట కత్తి పట్టుకుని తిరగడం నేరం. అయితే జాతీయ దుస్తుల్లో భాగంగా పెట్టుకున్నానని చెప్పుకోవడానికి ఆ సెక్షన్లోనే వీలుంది. మత కారణాలకు కూడా అక్కడే వీలుంది కాబట్టి సిక్కుల కిర్పాణ్‌కు కూడా రక్షణ అదే చోట దొరుకుతుంది. దీన్నిబట్టి మీరు గుర్తుంచుకోవాల్సింది, పూర్తి కిల్ట్ వేషంలో ఉంటే పెట్టుకోండి. మర్నాడు జీన్స్ వేసుకుని బస్సెక్కినప్పుడు కోటు జేబులో మర్చిపోయి తిరగకండి. విమానంలో అయితే చెక్-ఇన్ సామానులోనే వేయాలి, చేతి సంచిలో కుదరదు. పిల్లలకు బ్లేడు లేని ఉత్త పిడి దొరుకుతుంది. పదహారేళ్ల అబ్బాయికి స్కూలు పార్టీకి అదే ఇవ్వండి.

కత్తుల్లో పెద్దది డర్క్. అడుగు పొడవున్న బ్లేడు, పిడి మీద ముడుల చెక్కడం, ఒరలోనే ఇంకో చిన్న కత్తీ, ఫోర్కూ. ఒకప్పుడు దాని మీద ప్రమాణం చేసేవారు. ఇప్పుడది పైపు మేజర్లకు, అంటే బ్యాగ్‌పైప్ బ్యాండు నాయకులకు, చాలా పెద్ద సందర్భాలకు మాత్రమే. మీకు అక్కర్లేదు.

ఇక కాళ్లు. నా లెక్కన మనిషి కిల్ట్ బాగా వేసుకున్నాడా లేదా అన్నది కాళ్ల దగ్గరే తెలిసిపోతుంది.

ఉన్ని మేజోళ్లను హోజ్ అంటారు. పై అంచు మడిచి, మోకాలి చిప్పకు రెండు మూడు వేళ్ల కింద ఆగేలా వేసుకోవాలి. మడత కింద ఎలాస్టిక్ గార్టర్ కడతారు, దాని నుంచి రెండు రిబ్బన్ ముక్కలు కిందికి కనబడతాయి. వాటిని ఫ్లాషెస్ అంటారు. వెనకటికి చేత్తో నేసిన పొడవాటి నాడా చుట్టి ముడేసేవారు. ఆ ముడి కొసలకు గుర్తే ఈ రిబ్బన్లు. అందుకే అవి కాలి బయటి వైపున ఉండాలి, ముందుకు తిరగకూడదు. రంగు మీ టార్టన్లో ఉన్న ఏదో ఒక రంగుతో కలిస్తే చాలు. తెల్ల మేజోళ్లు అద్దె షాపుల వల్ల బాగా వ్యాపించాయి. నాకైతే అవి నచ్చవు. తెలుపు చూపును కాళ్ల మీదికే లాగేస్తుంది, టార్టన్ వెనకబడిపోతుంది. మీగడ రంగు గానీ, టార్టన్‌కు దగ్గరగా ఉండే ముదురు ఆకుపచ్చ, బూడిద రంగులు గానీ అడగండి. ఉంటాయి, వాళ్లు ముందు తీసి చూపించరంతే.

బూట్లు గిల్లీ బ్రోగ్స్. వీటికి నాలుక ఉండదు. పైన చిల్లుల డిజైన్ ఉంటుంది. బురదలో దిగి నడిచినప్పుడు లోపలికి వచ్చిన నీళ్లు చిల్లుల్లోంచి కారిపోవాలని, నాలుక లేకపోతే పాదం త్వరగా ఆరుతుందని ఆ ఏర్పాటు. లేసులు పొడవుగా ఉండేది ముడి చీలమండ పైన పడడానికి, బురదలో నానకుండా. లేసును కొన్ని మెలికలు తిప్పి, చీలమండ పైన చుట్టి, ముందు గానీ పక్కకు గానీ ముడేయండి. కుచ్చులు మరీ కిందికి వేలాడితే తొక్కి పడతారు. పిక్కల దాకా చుట్టడం కొందరు చేస్తుంటారు, ఆ లేసులు పది అడుగులు వేసేలోపే కిందికి జారిపోతాయి.

మన ఇళ్లకు వచ్చేసరికి దీంతో ఒక చిక్కు ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలి కదా! గిల్లీ బ్రోగ్స్ విప్పి మళ్లీ కట్టుకోవడానికి బాగా టైం పడుతుంది. గుడికి గానీ, తెలుగు పెళ్లికి గానీ కిల్ట్‌లో వెళ్లేటట్టయితే బకిల్ ఉన్న బూట్లు తీసుకోండి. అవీ ఫార్మల్ డ్రెస్‌కు పూర్తిగా తగినవే. స్కాటిష్ అల్లుడు వస్తున్న ఇళ్లవాళ్లకు ఇంకో మాట. పీటల మీద బాసిపట్టు వేసి కూర్చోవడం కిల్ట్‌లో కష్టం, బరువైన కుచ్చిళ్లన్నీ నలుగుతాయి. పెళ్లికొడుకును ఎదుర్కోలుకు, విందుకు కిల్ట్‌లో రానివ్వండి. పీటల మీదికి పంచె కట్టండి. రెండు దుస్తులకూ గౌరవం దక్కుతుంది.

కిల్ట్ ముందు భాగానికి గుచ్చే కిల్ట్ పిన్ గురించి చెప్పేది కొంచెమే, కానీ గట్టిగా చెబుతాను. పైపొరకు మాత్రమే గుచ్చండి. రెండు పొరలూ కలిపి గుచ్చితే కూర్చున్నప్పుడు గుడ్డ లాగి చిరుగుతుంది, కిల్ట్ వేలాడే తీరూ చెడిపోతుంది. కుడివైపు, కుచ్చు అంచుకు కాస్త లోపలగా, కింది అంచుకు కాస్త పైన.

కోటు, బెల్టు కలిపి చూద్దాం, ఒకదాన్నిబట్టి ఇంకోటి ఉంటుంది. రాత్రి విందుకు ఎక్కువగా వేసేది ప్రిన్స్ చార్లీ కోటు. పొట్టిగా ఉంటుంది, వెనక రెండు చిన్న తోకలు, ముందు మూడు బొత్తాల వెయిస్ట్‌కోటు, బో టై. ప్రిన్స్ చార్లీ అంటే కల్లోడెన్‌లో ఓడిన జాకబైట్ల నాయకుడు చార్లెస్ ఎడ్వర్డ్ స్టూవర్ట్. ఆయన 1788లోనే చనిపోయాడు, ఆయన పేరు పెట్టుకున్న ఈ కోటు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. దీనికి బెల్టు వేయకూడదు. వెయిస్ట్‌కోటు కింద బకిల్ ఎత్తుగా ఉబ్బి ముందు భాగం పాడవుతుంది. బెల్టు లేకపోతే జారిపోదా అని అడుగుతారు. ఈనాటి కిల్ట్‌కు సొంత పట్టీలు, బకిళ్లు ఉన్నాయి, అదే నిలుస్తుంది. ఆర్గైల్ కోటు పగలూ రాత్రీ రెండింటికీ పనికొస్తుంది. ఒక్కటే కొనగలిగితే నేను ఆర్గైల్ కొనమంటాను. ఇంకా పెద్ద సందర్భాలకు షెరిఫ్‌మ్యూర్, మాంట్రోజ్ డబ్లెట్లు అనే కోట్లు ఉన్నాయి. వాటికి మెడ దగ్గర జాబో అనే జాలీ అల్లిక గుడ్డ కుచ్చు, మణికట్ల దగ్గర అలాంటి అల్లికే పెట్టుకుంటారు. మాంట్రోజ్ మీద మాత్రం వెడల్పాటి బెల్టు పైకి కనబడేలా వేస్తారు. అక్కడ దానికి చోటుంది.

భుజం మీద వేలాడే టార్టన్ గుడ్డ ఫ్లై ప్లాడ్. ఇందాక చెప్పిన బెల్టెడ్ ప్లాడ్ పై సగానికి మిగిలిన జ్ఞాపకం ఇది. ఎడమ భుజం మీద పెద్ద గుండ్రటి బ్రూచ్‌తో గుచ్చి, వెనక నుంచి కిల్ట్ అంచు దగ్గరి దాకా వదులుతారు. పెళ్లికొడుక్కు చాలా నిండుగా ఉంటుంది. పెళ్లికి వచ్చిన స్నేహితులంతా వేసుకుంటే పెళ్లికొడుకు ఎవరో తెలియదు, కాబట్టి అతనికే వదిలేయండి.

టోపీ విషయంలో, ఇంట్లోకి రాగానే తీసేయడం మర్యాద. టోపీ మీద మూడు గద్ద ఈకలు క్లాన్ (హైలాండ్ వంశం) అధిపతికి, రెండు ఉపశాఖ పెద్దకు, ఒకటి సొంత వంశచిహ్నం మంజూరైనవాళ్లకు. చుట్టూ బెల్టు, బకిల్ గుర్తు, మధ్యలో బొమ్మ ఉన్న క్లాన్ బ్యాడ్జి దొరుకుతుంది. ఆ మధ్యలో ఉన్న బొమ్మ క్లాన్ అధిపతిది, బెల్టు గుర్తు ఆయన మనిషినని చెప్పడానికి. మనకు ఆ క్లాన్‌తో చుట్టరికం లేనప్పుడు పెట్టుకోకపోవడం పద్ధతి. స్కాట్లాండ్ సెయింట్ ఆండ్రూ శిలువ గానీ, థిసిల్ పువ్వు గానీ ఉన్న బ్యాడ్జి ఎవరైనా పెట్టుకోవచ్చు.

ఆడవాళ్ల గురించి చెప్పకుండా వదలను. ఫార్మల్ సందర్భాల్లో పొడుగు గౌను మీద టార్టన్ శాష్, అంటే వెడల్పాటి పట్టీ, వేసి భుజం దగ్గర బ్రూచ్ పెట్టుకుంటారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన బ్రూచ్ లక్కెన్‌బూత్. వెండి హృదయం ఆకారం, పైన చిన్న కిరీటం. ఎడిన్‌బరాలో రాయల్ మైల్ అనే పాత వీధి మీద సెయింట్ జైల్స్ చర్చి పక్కన తాళాలు వేసుకునే చిన్న కొట్లు ఉండేవి, వాటి పేరే దీనికి వచ్చింది. కంసాలులు అక్కడ అమ్మేవారు. పెళ్లి కుదిరినప్పుడు అబ్బాయి అమ్మాయికి ఇచ్చేవాడు. తర్వాత బిడ్డ పుడితే దిష్టి తగలకుండా అదే బ్రూచ్ బిడ్డ శాలువాకు పెట్టేవారు. మీరు చీరలో వెళ్లినా ఆ బ్రూచ్‌ను పైట దగ్గర పెట్టుకుంటే ఎంత బాగుంటుందో. బరువు తక్కువ రకం తీసుకోండి, పట్టు పీకదు.

వెనక వరసలో అన్నగారు అడుగుతున్నారు, మనకు క్లాన్ లేదు కదా, ఏ టార్టన్ వేసుకోవాలి అని. మంచి ప్రశ్నండీ. బ్లాక్ వాచ్, రాయల్ స్టూవర్ట్ ఎవరైనా వేసుకోవచ్చని ఇక్కడ చాలాకాలంగా ఒప్పుకున్న మాట. ఊళ్ల పేరుతో టార్టన్లు కూడా ఉన్నాయి, ఎడిన్‌బరాకు ఉంది, గ్లాస్గోకు ఉంది. మీరు ఉంటున్న ఊరి టార్టన్ వేసుకుంటే అంతకంటే న్యాయం ఏముంది? 2009 నుంచి ప్రభుత్వ టార్టన్ రిజిస్టర్ ఉంది, ఆన్‌లైన్లో వెతుక్కోవచ్చు.

అమ్మా, మీ ప్రశ్న, అబ్బాయికి ముందు ఏది కొనాలి, ఏది అద్దెకు తేవాలి అనేది. ఎదిగే వయసులో కిల్ట్, కోటు అద్దెకే తెండి. హోజ్, ఫ్లాషెస్ కొనేయండి, పెద్ద ఖర్చు కాదు, అద్దెవాటికంటే శుభ్రంగా ఉంటాయి. ఎదుగుదల ఆగాక ఒక మంచి సెమీ డ్రెస్ స్పోరన్ కొనండి, బాగా చూసుకుంటే అతని కొడుక్కు కూడా పనికొస్తుంది. బూట్లు ఆ తర్వాత. స్కీన్ డూ, ప్లాడ్ అన్నిటికంటే చివర్లో.

టైం అయిపోతోందని సైగ చేస్తున్నారు. బల్ల మీద ఉన్నవి దగ్గరికొచ్చి పట్టుకుని చూడండి, పిల్లలు కత్తి దగ్గర మాత్రం పెద్దవాళ్లతో రండి. లేసులు కట్టుకోవడం నేర్చుకోవాలనుకున్న కుర్రాళ్లు ఇటు కుడివైపు కుర్చీల్లో కూర్చోండి, నాలుగు జతలు తెచ్చాను, ఒక్కొక్కరి చేతే కట్టిస్తాను.